మైకేల్ మారా పాట – విమర్శకుల తూకం

మైకేల్ మారా పేరు ఈ పత్రిక పాఠకుల్లో చాలామంది విని ఉండరు. స్కాట్లండ్‌లోని డండీ నగరంలో, లోఖీ అనే కార్మికవాడలో 1952లో పుట్టి, 2012 అక్టోబరులో అరవై ఏళ్ల వయసులో కన్నుమూసిన పాటగాడు. తన పాట తానే రాసుకుని, వరస తానే కట్టుకుని, పియానో ముందు కూర్చుని తానే పాడినవాడు. స్కాట్లండ్‌లో పాటలు రాసేవాళ్లు ఆయన్ని ఎంతో గౌరవంగా తలుచుకుంటారు. ఆ సరిహద్దు దాటితే ఆయన్ని ఎరిగినవాళ్లు బహు తక్కువ.

ఆయన్ని విమర్శకులు పట్టించుకోలేదని అనను. మెచ్చుకున్నారు. 2007లో డండీ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. పోయిన తరవాత 2013 జనవరిలో గ్లాస్గోలో జరిగే పెద్ద సంగీతోత్సవంలో తోటి కళాకారులు ఆయన పాటలతో ఒక సంస్మరణ కచేరీ చేశారు. 2017లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ప్రసిద్ధ నవలాకారుడు ఆయన మీద ఒక పుస్తకమే రాశాడు. ఇంత మెప్పు ఉండి కూడా ఆయన స్థాయి ఎందుకు తేలలేదు? మెచ్చుకున్న మాటల్లోనే ఆ కారణం ఉందని నా అనుమానం. ఈ వ్యాసంలో ఆ అనుమానాన్నే పరిశీలిస్తాను. ఇందులో నా స్వార్థం కూడా కొంత ఉంది. అది చివర చెబుతాను.

ముందుగా, ఎక్కడో ఉత్తర సముద్రపు ఒడ్డున ఉన్న డండీతో విజయనగరం జిల్లా బడిపంతులుకు ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం గోనెసంచి. మా నాన్న జూట్‌మిల్లు కార్మికుడు. మిల్లులో పాత యంత్రాల మీద పోతపోసిన ఇంగ్లీషు అక్షరాల్లో డండీ అనే మాట ఉండేదని, అదేదో దొరగారి పేరని తాను చాలాకాలం అనుకున్నానని ఆయన చెప్పేవాడు. అది దొర పేరు కాదు, ఊరి పేరని నేను కాలేజీలో చేరాక తెలుసుకున్నాను. బెంగాలు జనుమును ఓడల మీద తెప్పించుకుని, తిమింగలం నూనెతో మెత్తపరిచి, గోనెగుడ్డగా నేసి ప్రపంచానికి అమ్మిన ఊరు డండీ. మారా పుట్టిన లోఖీలోనే కాక్స్ సోదరుల కాంపర్‌డౌన్ మిల్లు ఉండేది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద జూట్‌మిల్లు అది. పొట్ట చేతపట్టుకుని ఐర్లండ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఆ పేటలో కిక్కిరిసి బతికాయి. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి మిల్లు మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికే హుగ్లీ ఒడ్డు మిల్లులు డండీని మించిపోయాయి. చవకైన మన కూలీ వాళ్ల కూలీకి పోటీ అయింది. రెండు చోట్లా లాభం మాత్రం ఒకే రకం జేబుల్లోకి పోయింది. నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరుల్లో గోగునార, జనపనార మిల్లులు చూసిన మనం ఈ కథలో బొత్తిగా పరాయివాళ్లం కాము.

డండీలో ఇంకొక విశేషం ఉంది. అక్కడి మిల్లుల్లో ఆడవాళ్లే ఎక్కువ. మగపిల్లల్ని తక్కువ కూలికి పెట్టుకుని, పద్దెనిమిదేళ్లు నిండి పెద్దవాళ్ల కూలి ఇవ్వవలసి వచ్చేసరికి పనిలోంచి తీసేసేవారు. పెళ్లాం మిల్లుకు పోతే మొగుడు ఇంట్లో పొయ్యి మీద నీళ్లు కాచేవాడు. అలాంటి మగవాళ్లకు ‘కెటిల్ కాచేవాళ్లు’ అని పేరు పడింది. ఊరికి ‘ఆడవాళ్ల ఊరు’ అని పేరు పడింది. మారా పాటను అర్థం చేసుకోవటానికి ఈ విషయం ఎంత అవసరమో ముందు ముందు తెలుస్తుంది.

ఇక ఆయన రికార్డుల మాట. మొదటిది ‘ది మైడస్ టచ్’, 1980లో పాలిడార్ అనే పెద్ద కంపెనీ విడుదల చేసింది. ఈ రికార్డు విన్నవారికి ప్రతిభ ఉన్నదని తెలుస్తుంది, మనిషి మాత్రం కనిపించడు. గొంతును చదునుచేసి, యాసను అణచిపెట్టి, ఏ ఊళ్లోనైనా అమ్ముడుపోయేలాగ తయారుచేసిన సరుకు అది. ఎక్కడా పెద్దగా అమ్ముడుపోలేదు. మారా ఆ దారి వదులుకుని డండీకే అంటిపెట్టుకున్నాడు. 1985లో ‘గేల్స్ బ్లూ’ వచ్చింది. మనిషి మారిపోయాడా అనిపించేటంత తేడా ఇందులో ఉంది. డండీ వీధిలో మాటాడే స్కాట్స్ పలుకుబడి పాటలోకి వచ్చింది. ఊరి మనుషులు వచ్చారు. చరిత్ర కూడా ఆ ఊరి గుమ్మం దగ్గర నిలబడి చూసినట్టే వచ్చింది. ఆ తరవాత 1991లో ‘ఆన్ స్టోలెన్ స్టేషనరీ’, 1993లో ‘కాండీ ఫిలాసఫీ’, 1996లో కచేరీ రికార్డు ‘పాక్స్ వొబిస్కమ్’, 2000లో ‘పోస్టెడ్ సోబర్’ వెలువడ్డాయి. చివరిది ‘హౌస్‌రూమ్’. తన కొడుకూ కూతురూ ఉన్న ‘హేజీ జేన్స్’ బృందంతో కలిసి 2012లో, పోయిన ఏడాదే, చేసినది.

ఈ రికార్డుల మీద వచ్చిన మెప్పుదలలను పోగుచేస్తే ముఖ్యంగా మూడు మాటలు మళ్లీ మళ్లీ కనబడతాయి. ఒకటి, ఈయన ‘డండీ కవి’. రెండు, ఈయన స్కాట్లండ్ రాండీ న్యూమన్, లేదా టామ్ వెయిట్స్. మూడు, ఈయన గొప్ప చమత్కారి. మూడూ ప్రేమతో అన్న మాటలే. ఒక్కొక్క దాన్నీ విడిగా చూద్దాం.

‘డండీ కవి’ అన్న మాట తీసుకుందాం. గ్లాస్గో నగరం మీద ఈ కాలంలో వచ్చిన పాటల్లో బాగా పేరుపడినది ‘మదర్ గ్లాస్గో’. అది రాసింది ఈ ‘డండీ కవే’. హ్యూ అండ్ క్రై అనే జంట పాడితే ఎక్కువమందికి చేరింది. పాటను ఎరిగినవాళ్లలో రాసినవాణ్ణి ఎరిగినవాళ్లు కొద్దిమంది. షెట్లండ్ దీవుల్లో కూర్చుని చిన్నతరంగాల రేడియోలో అమెరికా జాజ్ సంగీతం వింటూ తన గిటారు బాణీ తయారుచేసుకున్న పీరీ విల్లీ జాన్సన్ మీద ఆయన ఒక అపురూపమైన పాట కట్టాడు. రాబర్ట్ బర్న్స్ పాట ‘గ్రీన్ గ్రో ద రాషెస్’ను ఆయన నెమ్మదిగా, బరువుగా పాడిన తీరు విన్నాక ఆ పాటను హుషారుగా పాడటం కష్టం. ఇంత దూరం తిరిగిన మనిషిని ఒక ఊరికి కట్టేయటం ఏమిటి? లండన్‌లో ఉండి లండన్ మీద రాసినవాణ్ణి లండన్ కవి అని ఊరుకోరు. ఆ ఊరి పేరు చెప్పకుండా కవి అంటారు. అసలు డండీ అనగానే బయటివాళ్లకు గుర్తుకొచ్చేది మెక్‌గోనగాల్, 1902లో పోయిన చేనేత కార్మికుడు, టే వంతెన కూలిపోవటం మీద రాసిన పద్యంతో లోకమంతా నవ్విపోయిన కవి. ‘డండీ కవి’ అన్న గౌరవం వెనకాల ఆ పాత నవ్వు కూడా కొంచెం వినబడుతుంది.

రెండో మాట పోలిక. గరగరమనే గొంతు, పియానో, కథ చెప్పే తీరు, వీటిని బట్టి అమెరికా వాళ్లతో పోల్చారు. పోలిక తప్పని అనను. కానీ పోలిక ఎప్పుడూ ఒకే దిక్కున నడుస్తుంది. రాండీ న్యూమన్‌ను అమెరికా మైకేల్ మారా అని ఎవరూ అనరు. మనం మాత్రం మన రచయితను ‘తెలుగు చెహోవ్’ అనీ ‘తెలుగు మొపాసా’ అనీ పిలిచి ఎన్నిసార్లు మురిసిపోలేదు? ఆ మాట అన్నాక ఇక అతని కథను చదవనవసరం లేనట్టు ప్రవర్తించాం.

మూడోది చమత్కారం. ఇక్కడ కాస్త ఆగాలి. మారా పాటల్లో ఒక వరస ఉంది. ఎవరో లోకప్రసిద్ధులు స్కాట్లండ్‌లోని ఒక మామూలు చోటికి విచ్చేస్తారు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో డండీలో పెర్త్ రోడ్డు మీద ఉన్న టేబ్రిడ్జ్ బార్‌కు వస్తుంది. న్యూ ఆర్లియన్స్ సంగీతకారుడు మాక్ రెబెనాక్ బ్లేర్‌గౌరీకి వస్తాడు. డండీ మిల్లు కుటుంబాలు వేసవిలో పళ్లు కోసే కూలికి పోయే ఊరది. ఇవి వినగానే నవ్వు వస్తుంది. విమర్శకులు ఆ నవ్వు దగ్గరే ఆగిపోయి, ‘విచిత్ర కల్పన’ అన్నారు.

కానీ ఈ వరసలో అన్నీ కల్పనలు కావు. అమెరికా మాజీ అధ్యక్షుడు జనరల్ గ్రాంట్ 1877లో నిజంగానే డండీ వచ్చాడు. కడుతున్న టే వంతెనను చూశాడు. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద వంతెనా అన్నాడని చెప్పుకుంటారు. 1878లో ఆ వంతెన మీద రైళ్లు నడిచాయి. 1879 డిసెంబరు 28 రాత్రి, తుపానులో, రైలుతో సహా కూలిపోయింది. గ్రాంట్ రాక మీద మారా రాసిన పాట ‘గేల్స్ బ్లూ’లో ఉంది. పెద్దమనిషి వచ్చి చిన్న ఊరిని చూడటం చరిత్ర పుస్తకాల పద్ధతి. ఈ పాటలో ఆ ఊరే పెద్దమనిషిని చూస్తుంది. ఆయన విసిరిన మాటను ఆ ఊరి చెవితో వింటాం. కాలో పాటలోనూ జరిగేది అదే. గొప్పతనం ఎక్కడో రాజధానుల్లో ఉంటుందనీ, దాని కోసం మనం వెళ్లాలనీ చిన్న ఊళ్ల పిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పుతాం. మారా ఆ దారిని తిప్పేశాడు. మా బార్‌లో కూర్చోగలిగితేనే ఆమె మాకు గొప్పది అన్నట్టు పాడాడు. ఇది చమత్కారమే, సందేహం లేదు. చమత్కారం ఇక్కడ దృక్పథానికి పనిచేస్తున్నదని గుర్తించకపోవటమే విమర్శ చేసిన లోపం.

‘హెర్మ్‌లెస్’ అనే పాట ఇంకా మంచి ఉదాహరణ. ‘హాని చెయ్యనివాడు’ అని అర్థం, డండీ యాసలో. ఎవరికీ అడ్డంరాని ఒక మనిషి తన రోజు ఎలా గడుస్తుందో చెప్పుకుంటాడు. గ్రంథాలయానికి పోవటం, ఇంటికి రావటం, అంతకు మించి సంఘటన లేదు. దీన్ని స్కాట్లండ్ జాతీయగీతం చెయ్యాలని చాలామంది సగం నవ్వుతూ, సగం నిజంగా అన్నారు. అక్కడ ఆటల మైదానాల్లో జాతీయగీతంగా పాడుకునే ‘ఫ్లవర్ ఆఫ్ స్కాట్లండ్’ 1314 నాటి యుద్ధ విజయాన్ని తలుచుకునే పాట. దాని పక్కన పెడితే ‘హెర్మ్‌లెస్’ ఎంత పెద్ద మాట అంటున్నదో తెలుస్తుంది.

అభ్యుదయ విమర్శకుడు ఇక్కడ ఒక ప్రశ్న వెయ్యక తప్పదు. హాని చెయ్యకుండా, గొడవకు పోకుండా బతకటాన్ని పొగిడే పాట పోరాటాన్ని చల్లార్చే పాట కాదా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. కెటిల్ కాచే మగవాళ్ల చరిత్ర చదివిన తరవాత నా అభిప్రాయం మారింది. ఆ మనిషి గొడవకు పోనివాడు కాదు. గొడవకు కూడా పనికిరాడని మిల్లు తీసిపారేసిన మనిషి. తాను రాకపోయినా ఎవరూ గమనించరన్న సంగతి అతనికి తెలుసు. పాట మెత్తగా నడుస్తుంది, దాని అడుగున ఉన్నది మాత్రం చాలా బరువైన అవమానం. ఆ అవమానం ఎక్కడిదో పాటలో చెప్పలేదు. తెలిసిన శ్రోతకు చెప్పనవసరం లేదు. తెలియని శ్రోతకు తెలియజెప్పటం విమర్శకుడి పని. ఆ పని సరిగ్గా జరగలేదు.

అయితే మారాలో లోపాలు లేవని వాదించను. డండీలోనే ఆయనకు ముందు మేరీ బ్రూక్స్‌బ్యాంక్ ఉంది. 1897లో పుట్టి 1978లో పోయిన జూట్‌మిల్లు కార్మికురాలు, కమ్యూనిస్టు, పాటగత్తె. యంత్రం వేగాన్నీ చాలని కూలినీ ఆమె ‘జూట్‌మిల్లు పాట’లో నేరుగా చెప్పింది. ఆ పాటలోని మాటలు ఈనాడు స్కాట్లండ్ పార్లమెంటు గోడమీద చెక్కి ఉన్నాయి. ఆమె పాటలో యజమాని వెంటనే కనిపిస్తాడు. మారా పాటల్లో, నేను విన్నంతమేరకు, యజమాని అరుదుగా కనిపిస్తాడు. గాయం కనిపిస్తుంది, కొట్టిన చెయ్యి కనిపించదు. ‘విచ్చేసిన’ పాటల్లో కొన్నింట్లో ఊహ బాగున్నది కదా అని ఊహ దగ్గరే పాట నిలిచిపోతుంది. ఈ మాటలు ఆయన అభిమానులు రాసిన వ్యాసాల్లో పెద్దగా వినబడవు. ప్రేమగల విమర్శకుడు ఇవి కూడా అనాలి. సముచిత స్థానం ఇవ్వటమంటే ఊరికే పొగడటం కాదు, గట్టిగా వాదించటానికి తగినవాడని ఒప్పుకోవటం కూడా.

రికార్డుల మీది విమర్శకు అసలు అందనిది ఆయన కచేరీ. నేను డండీ వెళ్లలేదు, ఆయన్ని ఎదురుగా చూడలేదు. 1996 నాటి కచేరీ రికార్డు, కొన్ని చిత్రీకరణలు మాత్రమే నాకు ఆధారం. వాటిని బట్టి చెప్పగలిగింది ఇది. పాటకు ముందు ఆయన మాటాడతాడు. ముఖంలో ఏ మార్పూ లేకుండా, తొందర లేకుండా, ఏదో ఊరి సంగతి చెబుతున్నట్టు మొదలెడతాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే చేతులు పియానో మీదికి పోతాయి. మొదటి చరణం నవ్వులోనే పడుతుంది. రెండో చరణానికి హాలు నిశ్శబ్దమైపోతుంది. మాట ఎక్కడ అయిపోయిందో పాట ఎక్కడ మొదలైందో విడదీయలేం. మన హరికథలోనూ బుర్రకథలోనూ వచనం ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. పాటను మాత్రమే కోసి రికార్డులో పెడితే ఆ మాట పోతుంది. ఆ రికార్డు విని సమీక్ష రాస్తే మిగిలేది సగం మనిషి.

పైగా ఆయన పనిలో పెద్ద భాగం రంగస్థలం మీద జరిగింది. జూట్ కార్మికుల జీవితం మీద బిల్లీ కే రాసిన నాటకానికి 1986లో డండీ రెపర్టరీ థియేటర్‌లో సంగీతం ఇచ్చాడు. క్రిస్ రాట్రే రాసిన ‘ది మిల్ లావీస్’కు పాటలు కట్టాడు. మిల్లు మరుగుదొడ్డిలో దాక్కుని బీడీ కాల్చినట్టు సిగరెట్టు కాలుస్తూ కబుర్లాడే మగ కార్మికుల నాటకం అది. కవయిత్రి లిజ్ లాక్‌హెడ్‌తో కలిసి ఊరూరా తిరిగి పద్యం, పాట, మాట కలిపిన ప్రదర్శన ఇచ్చాడు. రికార్డుల విమర్శకుడు దీన్ని నాటకాల విమర్శకుడికి వదిలేశాడు. నాటకాల విమర్శకుడు ‘సంగీతం బాగుంది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. సాహిత్య విమర్శకుడు పాట తన పరిధిలోది కాదనుకున్నాడు. ముగ్గురి మధ్యా మారా జారిపోయాడు. ఎవరిదీ దురుద్దేశం కాదు. ఎవరి తూనికరాళ్లు వాళ్ల దగ్గరున్నాయి, ఈ సరుకు దేనికీ సరిపోలేదు.

ఇక నా స్వార్థం ఏమిటో చెప్పవలసిన చోటు వచ్చింది.

పదిహేనేళ్ల కిందట మా పక్క ఊరి మిల్లు కార్మికుడొకాయన తన పాటలు చిన్న పుస్తకంగా అచ్చువేసుకున్నాడు. ఎం.ఏ. తెలుగు చదివినవాణ్ణి కదా అని నా చేత ఒక చిన్న పత్రికకు సమీక్ష రాయించారు. రాశాను. వస్తువు ఉన్నది, శిల్పం చాలలేదు అన్నాను. ఊరి పేర్లూ మనుషుల పేర్లూ ఎరగని పాఠకుడికి పాట అందదన్నాను. ‘ప్రాంతీయ పరిధిని దాటి ఎదగగలరని ఆశిద్దాం’ అని ముగించాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు ఎంతో తృప్తి కలిగిందని ఇవాళ సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. కొన్నాళ్లకు ఆయన సంతలో కనబడి నమస్కారం పెట్టి ఒక్క మాటే అన్నాడు: “మేస్టారూ, తమరు బుక్కు సదివినారు గానీ పాట ఇన్నేదు గదండి.”

నిజంగానే వినలేదు. ఆ తరవాత ఒక సభలో విన్నాను. నేను ‘అనవసరమైన పునరుక్తి’ అని కొట్టేసిన పాదాన్ని ఆయన పాడి ఆపితే, ఎదురుగా కూర్చున్న మూడు నాలుగు వందలమంది అందుకున్నారు. అది పునరుక్తి కాదు. జనం కోసం విడిచిపెట్టిన చోటు. కాగితం మీద ఆ చోటు ఖాళీగా కనిపించింది, నేను దాన్ని లోపమన్నాను. నేను అర్థం కావన్న ఊరి పేర్లు వచ్చినప్పుడల్లా ఆ పేరు గల ఊరివాళ్లు కూర్చున్నచోటే కాస్త నిటారుగా అయ్యారు. నా సమీక్షను దిద్దుకుంటూ ఇంకొక వ్యాసం రాద్దామనుకున్నాను. బడి, పరీక్షలు, ఓట్ల పని, జనాభా లెక్కలు అంటూ వాయిదా వేశాను. ఆయన ఇప్పుడు లేడు. వ్యాసం రాయలేదు.

మైకేల్ మారాను వింటున్నప్పుడల్లా నాకు ఆ సంతలో మాట గుర్తుకొస్తుంది. మారాకు అతని దేశంలో ఒక రాబర్ట్‌సన్ దొరికాడు. చనిపోయాకైనా పాటల వెనక ఉన్న ఊరినీ మాటనీ మనుషుల్నీ కలిపి పుస్తకం చేశాడు. మన మిల్లుల ముందూ, సమ్మె శిబిరాల్లోనూ, జాతర్లలోనూ పాడినవాళ్లలో ఎంతమందికి అంతపాటి రాత దక్కింది? పాట సభకు పనికొస్తుందని ఒప్పుకుంటాం, సాహిత్య చరిత్రలో ఒక పేరాతో పంపించేస్తాం.

విద్యార్థులకూ తోటి విమర్శకులకూ నా విన్నపం ఒక్కటే. పాట మీద రాసేటప్పుడు పుస్తకం పక్కన పెట్టి ముందు వినండి. వీలైతే అది పుట్టినచోట, ఆ జనం మధ్య కూర్చుని వినండి. పాటకు ముందు ఏమి మాటాడాడో, జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ అందుకున్నారో రాసుకోండి. అది కూడా పాఠమే. ‘ప్రాంతీయ’ అన్న మాట కలం చివరికి వచ్చినప్పుడు, ఆ మాటను రాజధానిలో ఉన్నవాడికి కూడా వాడతామా అని ఒకసారి ప్రశ్నించుకోండి.

మొన్న మా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు పాఠం చదువుతూ ‘విన్లేదు’ అనబోయి ‘ఇన్నేదు’ అన్నాడు. తరగతి నవ్వింది. ఇరవై ఏళ్లుగా నేనూ ఆ మాటను దిద్దుతూ వచ్చినవాణ్ణే. ఆ రోజు దిద్దలేదు. ఆ మాటతోనే మీ ఇంట్లో ఎవరికైనా పాటలు వచ్చా అని అడిగాను. వాళ్ల నాయనమ్మకు వచ్చునట. ఈ ఆదివారం వెళ్లి వినాలి.